‘ఎంక్వైరీకొచ్చిన్రా?’: ఫెలోషిప్ శిక్షణ తొలి వారం మీద ఒక కేస్ స్టడీ

మొత్తం పదిహేడు జిరాక్సులు. 2024 జనవరి 26 రాత్రి, మహబూబాబాద్ జిల్లాలోని ఒక ఊళ్లో, పంచాయతీ ఆఫీసు గదిలో చాప మీద వాటిని పరుచుకుని కూర్చున్నాం. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, ఒక ఉపాధి హామీ జాబ్‌కార్డు మొదటి పేజీ, ఒక పట్టాదారు పాస్‌బుక్కు. కొన్ని మడతల దగ్గర చిరిగాయి. ఒకటి ఇంకా పాలిథిన్ కవర్లోనే ఉంది. గ్రామీణాభివృద్ధి ఫెలోషిప్‌లో చేరి నాలుగు రోజులైన పిల్లలు వాటిని ఊరివాళ్ల దగ్గర తీసుకుని వచ్చారు. తీసుకోమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తీసుకోవద్దని కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే.

ఆ తొమ్మిది రోజుల శిక్షణకు ప్రణాళిక వేసింది నేను. కాబట్టి ఈ కేసులో తప్పుల లెక్క తీస్తే పెద్ద వాటా నాదే. సంస్థ పేరు, ఊరి పేరు, ఫెలోల పేర్లు రాయడం లేదు. కొత్త ఫెలోలను మొదటిసారి ఊళ్లోకి తీసుకెళ్లే పని ఎవరి మీద ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

కాగితం మీద ప్లాను

మొదటి రెండు రోజులు హైదరాబాద్ శివారులోని శిక్షణ కేంద్రంలో, తర్వాతి మూడు రోజులు ఊళ్లో, మిగతా నాలుగు మళ్లీ కేంద్రంలో. బ్యాచ్‌లో ఇరవై ఇద్దరు. పన్నెండు మంది తెలుగువాళ్లు, మిగతావాళ్లు బీహార్, ఒడిశా, మహారాష్ట్ర, రాజస్థాన్ నుంచి. ఇంజనీరింగ్ చదివినవాళ్లే సగం. మంచి జీతం వదులుకుని వచ్చినవాళ్లున్నారు, ఉద్యోగం దొరికేదాకా ఇక్కడ గడుపుదామని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకాన్ని చులకనగా చూడటం మా రంగంలో ఒక జబ్బు. ఏడాది చివరిదాకా నిలబడేవాళ్లు రెండు రకాల్లోనూ ఉంటారని పదకొండేళ్లుగా చూస్తున్నాను.

మొదటి రోజు పరిచయాలు, ఫారాలు, బ్యాంకు వివరాలు, ఇన్సూరెన్సు. దాని గురించి రాసేదేం లేదు. మధ్యాహ్నం చరిత్ర సెషన్ మాత్రం నాది, అదంటే నాకు ఇష్టం. 1952 అక్టోబర్ 2న 55 ప్రాజెక్టులతో మొదలైన సమాజాభివృద్ధి కార్యక్రమం, 1957లో పంచాయతీరాజ్‌ను సూచించిన బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, 1959లో అది మొదలైన రాజస్థాన్‌లోని నాగౌర్, ఆ వెంటే మన షాద్‌నగర్. ఈ కథలో నేను ఆగేది గ్రామసేవకుడి దగ్గర. విత్తనం, ఎరువు, మరుగుదొడ్డి, బడి, అన్నీ ఆ ఒక్క మనిషే చెప్పాలి. ఒక్కో మనిషికి పది ఊళ్ల దాకా అప్పజెప్పారు. పైఆఫీసు టార్గెట్లకూ ఊరి అక్కరలకూ మధ్య నలిగిన మొదటి ఉద్యోగి ఆయన. ‘మీకు తాత వరస’ అని చెబుతాను. పిల్లలు నవ్వుతారు.

రెండో రోజు పొద్దున రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఎన్‌ఐఆర్‌డీపీఆర్) వాళ్ల గ్రామీణ సాంకేతిక పార్కు చూసొచ్చాం. సాయంత్రం పీఆర్ఏ పద్ధతులు, అంటే ఊరివాళ్లతో కలిసి ఊరిని అర్థం చేసుకునే పద్ధతులు: ఊరివాళ్ల చేత ఊరి పటం వేయించడం, వాళ్లతో కలిసి ఊరు చుట్టి రావడం, పనుల కాలెండరు గీయించడం. అందులో గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ చెప్పిన పక్షపాతాల స్లయిడ్ ఒకటుంది. ఊరికి బయటినుంచి వచ్చేవాళ్లు తారురోడ్డు వదిలి పోరు, పథకాలు నడిచే చోటికే వెళ్తారు, పెద్దమనుషులతోనే మాట్లాడతారు, వానల్లో రారు, మొహమాటానికి అడగాల్సినవి అడగరు. పిల్లలంతా శ్రద్ధగా రాసుకున్నారు. వానాకాలం కాదు కాబట్టి ఆ ఒక్కటీ ముందే అయిపోయింది. మిగతా నాలుగూ మర్నాడు మధ్యాహ్నంలోపు వరసగా చేసేశాం.

పదకొండు గంటల ఊరు

జనవరి 25 పొద్దున పదకొండింటికి రెండు బండ్లలో దిగాం. బండ్ల ముందు ఫెలోషిప్ బ్యానర్లు. అందరి మెళ్లో ఐడీ కార్డులు, చేతుల్లో కొత్త నోటుపుస్తకాలు. ఈ ఊరిని ఎంచుకున్న కారణం చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది: రోడ్డు పక్కన ఉంది, సర్పంచి మాట మంచిది, పంచాయతీ ఆఫీసు మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.

అది యాసంగి నాట్ల కాలం. పొద్దున ఏడింటికే ఆడవాళ్లు మళ్లలోకి దిగుతారు. పదకొండింటికి ఊళ్లో ఉండేది ముసలివాళ్లు, పసిపిల్లలు, చెట్టు కింద పేపరు చదివే నలుగురు మగవాళ్లు. మా కోసం సిద్ధంగా ఉన్నది సర్పంచి, వీఓఏ (మహిళా సంఘాల పుస్తకాలు చూసే ఆమె), ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు. వాళ్లు మమ్మల్ని ఊరు చూపించారు. అంటే పల్లె ప్రకృతి వనం, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానం), ట్రాక్టరు. 2019లో ఊళ్లను బాగుచేసే పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక తెలంగాణలో ఏ ఊరికి పోయినా అతిథులకు చూపించే దారి ఇదే. సర్పంచి తప్పేం లేదు, తను కట్టించినవి చూపించాడు. ఇంకో వారంలో, జనవరి 31తో, ఆయన పదవీకాలం అయిపోతోంది. మాతో గంట మాట్లాడితే అరగంట పెండింగు బిల్లుల గురించే.

చెట్టు కింద కూర్చున్న ఒకాయన పేపరు మడిచి మమ్మల్ని అడిగిన మొదటి మాట: ‘ఎంక్వైరీకొచ్చిన్రా?’

మేం నవ్వాం. ‘లేదు పెద్దయ్యా, నేర్చుకోవడానికి వచ్చాం’ అన్నాడొక ఫెలో. ఆయన తల ఊపి మళ్లీ పేపరు విప్పాడు. మూడు రోజుల శిక్షణ మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అది నాకు రెండో రోజు రాత్రి గానీ తెలియలేదు.

వెనక్కి తిరిగి చూసుకుంటే తేదీలే కథ చెబుతాయి. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా రాష్ట్రమంతా ప్రజాపాలన సభలు జరిగాయి. ఊరూరా కౌంటర్లు పెట్టి కొత్త ప్రభుత్వం ప్రకటించిన ఆరు గ్యారంటీల పథకాలకు దరఖాస్తులు తీసుకున్నారు. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు జతచేశారు. కొత్త రేషన్ కార్డు కావాల్సినవాళ్లు తెల్లకాగితం మీద రాసిచ్చారు. చేతికి రసీదు వచ్చింది. ఆ తర్వాత ఊరంతా ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసమే, ఎంక్వైరీకి ఎవరొస్తారా అని. సరిగ్గా పంతొమ్మిది రోజులకు రెండు బండ్లలో ఇరవై ఇద్దరు చదువుకున్న పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకుని దిగారు. వాళ్ల వెంట సర్పంచి నడుస్తున్నాడు.

మేం ఊరిని అర్థం చేసుకోవడం మొదలుపెట్టకముందే ఊరు మమ్మల్ని అర్థం చేసుకుని, ఒక గూట్లో పెట్టేసింది.

ఫారం, బండి, ముగ్గు

మధ్యాహ్నం నుంచి ఇంటింటి ముఖాముఖి. ఒక్కో ఫెలోకు రెండు ఇళ్లు. మూడు పేజీల ఫారం నేనే తయారుచేశాను. భూమి ఎంత, పశువులెన్ని, బండి ఉందా, ఏడాదికి ఆదాయమెంత. అప్పటికి ఈ ప్రశ్నల్లో నాకే తేడా కనిపించలేదు. తెలంగాణలో పల్లెల్లో రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు, తరి (మాగాణి) మూడున్నర ఎకరాలు, ఖుష్కి (మెట్ట) ఏడున్నర ఎకరాలు మించకూడదు. నా ఫారంలోని ప్రశ్నలూ ఎంక్వైరీ ప్రశ్నలూ ఒకటే.

ఒక ఇంట్లో జరిగింది నేను పక్కనే కూర్చుని చూశాను. వాకిట్లో మంచం మీద ఇంటాయన. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మా ఫెలో, పుణెలో సాఫ్ట్‌వేర్ చేసి వచ్చిన తెలుగు కుర్రాడు. ‘భూమి?’ ‘రెండెకరాలు సారు, అదీ మా అన్న పేరు మీదుంది.’ ‘బండి ఉందా?’ ‘ఏడిది సారు, నడిచే పోతం.’ కుర్రాడు ‘లేదు’ అని రాసి టిక్కు పెట్టాడు. వాళ్లిద్దరికీ నాలుగడుగుల దూరంలో నీలిరంగు తాటిపత్రి కింద మోటర్‌సైకిల్ హ్యాండిల్ బయటికి కనబడుతోంది. కుర్రాడు దాన్ని చూశాడు. చూసి కూడా ‘లేదు’ అనే రాశాడు. బయటికొచ్చాక ఎందుకలా రాశావని అడిగితే, ‘ఆయన చెప్పింది రాయాలి కదక్కా, నేను చూసింది కాదు కదా’ అన్నాడు. కాలేజీలో సర్వే నేర్పితే వచ్చే జవాబు అదే. ఆయన అబద్ధం ఎందుకు చెప్పాల్సి వచ్చిందన్న ప్రశ్న వాడికి రాలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణానికి నాకూ రాలేదు. ఆయన్ని మనసులో కొంచెం తప్పుపట్టాను కూడా.

ఆ రోజు నిండిన నలభై నాలుగు ఫారాల్లో మూడున్నర ఎకరాలు దాటిన ఇల్లు ఒక్కటీ లేదు.

నాలుగింటికి పంచాయతీ ఆఫీసు ముందు ముగ్గుపిండితో ఊరి పటం వేయించాం. గీసింది అయిదుగురు మగవాళ్లు, చెప్పింది సర్పంచి. గుడి, బడి, చెరువు, వాటర్ ట్యాంకు, బొడ్రాయి, వీధులు, చివరికి ఎస్సీ కాలనీ. పటం అందంగా వచ్చింది. ఫొటోలు తీసుకున్నాం. ఊరికి అర కిలోమీటరు అవతలున్న లంబాడీల తండా అందులో లేదు. 2018లో 500 జనాభా దాటిన తండాలు చాలావరకు సొంత పంచాయతీలయ్యాయి. ఇది అంతకన్నా చిన్నది కాబట్టి ఈ పంచాయతీలోనే ఉండిపోయింది, పటంలో మాత్రం చోటు దొరకలేదు. ఎవరూ కావాలని వదిలేయలేదు, వాళ్ల దృష్టిలో ‘ఊరు’ అంటే అంతవరకే. ముగ్గు పోసేవాళ్ల దగ్గర నిలబడి ‘ఇంకెవరైనా ఉన్నారా?’ అని అడగడం మా పని. మేం ఫొటోల్లో పడ్డాం.

జెండా పండుగ

26 పొద్దున జెండా వందనం. సర్పంచికి అది చివరి జెండా. ఉత్సాహంగా ఉన్నాడు. మా పిల్లలను ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెట్టాడు, మైకులో ‘హైదరాబాద్ నుంచి మన ఊరి పరిస్థితి చూడటానికి వచ్చిన సార్లు, మేడములు’ అని పరిచయం చేశాడు. నేను లేచి ‘కాదండీ’ అనొచ్చు. పండుగపూట ఆయన మాట ఎందుకు తీసేయాలని ఊరుకున్నాను. ఛాంబర్స్ స్లయిడ్‌లో మొహమాటం గురించి రాసిన వాక్యం అప్పుడు గుర్తుకు రాలేదు.

పదింటికల్లా మొదటి జిరాక్సు వచ్చింది. ఆ రోజు సెలవు కాబట్టి కొందరు నాట్లకు పోలేదు, ఊళ్లో జనం ఉన్నారు. ఎవరు ఎవరిని చూసి తెచ్చారో చెప్పలేను. సాయంత్రానికి పదిహేడయ్యాయి.

ఒక్కడికి మాత్రం ఒక్క కాగితమూ రాలేదు. రాజస్థాన్ కుర్రాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. ప్రసంగాలు అర్థంకాక జెండా దగ్గరి నుంచి మెల్లగా జారుకుని, బిస్కెట్ల కోసం వచ్చిన పిల్లల వెంట నడుచుకుంటూ తండాకు పోయాడు. అక్కడొక ముసలమ్మ వాణ్ని ‘తార్ నామ్ కాఁయి?’ అని అడిగింది. వాళ్ల ఇంట్లో మాట్లాడే మార్వాడీలో ‘థారో నామ్ కాంఈ?’ అంటారట. వాడు ఉలిక్కిపడి పేరు చెప్పాడు. ఆమె విరగబడి నవ్వి నలుగురిని పిలిచింది. పాణీ అంటే పాణీయే. సగం మాటలు అర్థమయ్యాయి, మిగతా సగం చేతులతో. మధ్యాహ్నం అక్కడే జొన్నరొట్టె తిన్నాడు. రాత్రి వాడు చెప్పిన వివరాలు మా నలభై నాలుగు ఫారాల్లోనూ లేవు. మగవాళ్లు చాలామంది హైదరాబాద్‌లో సెంట్రింగు పనికి పోయారు, నల్లా నీళ్లు చివరి ఇళ్లకు ఎక్కవు, బాలింతలు వ్యవసాయ బోరు దాకా బిందెలతో పోతున్నారు. తెలుగు రాని మనిషి ఎంక్వైరీకి వచ్చిన ఆఫీసరు ఎలా అవుతాడు? (కలెక్టర్లలో ఉంటారు. కానీ వాళ్లు ఒంటరిగా కాలినడకన రారు.) బ్యాచ్‌లో ఫీల్డుకు అందరికన్నా తక్కువ పనికొస్తాడని నేను అనుకున్న కుర్రాడు వాడే.

మూడో గడి

రాత్రి ఎనిమిదింటికి జిరాక్సులు బయటపడ్డాయి. ఎవరో ఒకరు ‘అక్కా, ఇవేం చేద్దాం?’ అని తీశారు. దాంతో ఒక్కొక్కరే బ్యాగుల్లోంచి, నోటుపుస్తకాల్లోంచి తీయడం మొదలుపెట్టారు. కొందరు దాచిపెట్టుకున్నట్టు, తప్పుచేసినట్టు తీశారు.

ఒక చార్టు మీద మూడు గడులు గీశాం. ఎవరిచ్చారు, ఏమడిగారు, నువ్వేమన్నావు. మొదటి రెండూ తొందరగా నిండాయి. మూడో గడి నింపడానికి గంటన్నర పట్టింది. తొమ్మిది మంది ‘చూస్తాను’ అన్నారు. నలుగురు ‘పైవాళ్లకు చెప్తాం’ అన్నారు. ముగ్గురు ఏమీ అనలేదు, చేయి చాపి తీసుకున్నారంతే. ఒకమ్మాయి ‘అయిపోతుంది అవ్వా’ అంది.

‘చూస్తాను’ మీద ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆఫీసులో టేబుల్ అవతలి మనిషి ‘చూద్దాంలే’ అంటే పని కాదని మనందరికీ తెలుసు. తెలుగులో కాదనడానికి అంత మర్యాదైన మాట ఇంకోటి లేదు. అదే మాట, మన వాకిట్లో పీట మీద కూర్చుని, మనమిచ్చిన చాయ్ తాగి, మనవరాలి పేరు అడిగిన పిల్ల అంటే? అప్పుడది మాటివ్వడమే. మా ఫెలోలు మొదటి అర్థంతో అన్నారు, ఊరు రెండో అర్థంతో విన్నది.

మరి ఏం చేయాలి? ఐకేపీలో (మహిళా సంఘాల ప్రభుత్వ పథకం) చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మా సహ శిక్షకుడు, ‘పొద్దున సెక్రటరీ టేబుల్ మీద పెట్టి పోదాం, ఆమె చూసుకుంటది’ అన్నాడు. ఇంజనీరింగ్ పిల్లలు ‘ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుందాం’ అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. ఈ దరఖాస్తులన్నీ ఇదివరకే ప్రజాపాలనలో ఇచ్చినవి. మళ్లీ ఇస్తే కొత్తగా జరిగేదేం లేదు, మా అబద్ధం మాత్రం ఇంకో ఆర్నెల్లు బతుకుతుంది. పదకొండున్నరకు తేలింది: పొద్దున్నే, నాట్లకు పోకముందే, ఎవరు తీసుకున్న కాగితం వాళ్లే తిరిగి ఇచ్చి రావాలి. ‘నేను ఆఫీసరును కాను, నేర్చుకోవడానికి వచ్చాను, ఇది నా చేతిలో లేదు, నిన్న ఆ మాట చెప్పకుండా తీసుకున్నాను’ అని చెప్పాలి. మర్నాటి సెషన్లు, సుస్థిరాభివృద్ధి లక్ష్యాల స్లయిడ్లతో సహా, రద్దు.

తిరిగి ఇవ్వడం

‘అయిపోతుంది’ అన్న కాకినాడ అమ్మాయితో నేను వెళ్లాను. రాత్రంతా నిద్రపోలేదు ఆ పిల్ల. ఆమె తీసుకున్నది పాలిథిన్ కవర్లోని ఆధార్. పింఛను కోసం. పుట్టిన తేదీ 01-01-1972 అని ఉంది. అంటే 52 ఏళ్లు. వృద్ధాప్య పింఛనుకు 57 నిండాలి. అవ్వ పెద్దకొడుక్కే 45 ఏళ్లు. జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఈ దేశంలో ఎంతమందో ఆధార్ సెంటర్లు నడిపినవాళ్లకు తెలుసు. తేదీ తెలియదంటే అదే కొట్టేస్తారు, సంవత్సరం అందాజాగా వేస్తారు. మా అమ్మాయి దాన్ని పట్టుకుంది: వయసు దిద్దిస్తే పని అవుతుందని లెక్కవేసి ఆ మాట అనేసింది. రాత్రి పంచాయతీ సెక్రటరీకి ఫోన్ చేస్తే తేలింది వేరే. తాతకు ఇదివరకే నెలకు 2016 రూపాయలు వస్తున్నాయి. ఆసరా పింఛన్ల పథకంలో ఒక ఇంట్లో వృద్ధాప్య పింఛను ఒక్కరికే. వయసు దిద్దించినా లాభం లేదు.

అవ్వ పొయ్యి దగ్గర ఉంది. అమ్మాయి కవరు రెండు చేతులతో పట్టుకుని, వచ్చీరాని తెలంగాణ యాసలో మొదలుపెట్టి, మధ్యలో ఏడుపు ఆపుకోలేక ఆగిపోయింది. అవ్వ కవరు తీసుకుని లోపలున్న కాగితం సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

‘ఎరుకే బిడ్డా. ఇంటికి ఒక్కటేనని సెక్రటరమ్మ ఎన్నడో చెప్పింది. నువ్వు పెద్దాఫీసు నుంచొచ్చినవ్ గదా, ఓ మాట వేసి చూద్దామనుకున్న. గీ జిరాక్సుకు అయిదు రూపాలు తీసుకున్నడు వాడు. నువ్వు పట్టుకపోతవేమోననుకున్న, మంచిగ తెచ్చిచ్చినవ్.’

తర్వాత చాయ్ పెట్టింది. మేం ఇంటికి ఎంతమంది, పొలమెంత అని ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది. అయిదెకరాలు కొడుకుల పేరు మీదికి రాసిచ్చాక తనకు చేతిలో పైసా ఆడదని, తాత పింఛను తాతకే సరిపోతుందని, మాత్ర కావాలన్నా కోడలిని అడగాలని. భూమి ఉన్న ఇంట్లో పేద మనిషి ఒకరు ఉంటారన్నది నా మూడు పేజీల ఫారంలో ఎక్కడా పట్టదు.

అన్ని ఇళ్లలోనూ ఇలా జరగలేదు. ఇల్లు కోసం కాగితం ఇచ్చిన ఒకాయన దాన్ని లాక్కుని, ‘మరెందుకొచ్చిన్రు? ఫొటోలకా?’ అన్నాడు. మా ఫెలో దగ్గర జవాబు లేదు. నన్ను అడిగినా ఉండేది కాదు. పదిహేడింటిలో మూడు కాగితాల వాళ్లు ఇంట్లో లేరు, పక్కింట్లో ఇచ్చి రావాల్సి వచ్చింది. చెప్పాల్సిన మాట అక్కడ చెప్పలేకపోయాం.

జాబ్‌కార్డు కాగితం మాత్రం వేరే దారి పట్టింది. పోయిన ఎండాకాలం రెండు వారాల కరువు పని (ఉపాధి హామీ పని) పైసలు పడలేదని ఆమె బాధ. ఆ ఏడాది రోజు కూలి రేటు 272 రూపాయలు, కొలతలు వేస్తే చేతికొచ్చేది చాలాసార్లు అంతకన్నా తక్కువే. ఫీల్డ్ అసిస్టెంటు ‘మా కాడ పడ్డట్టే చూపిస్తున్నది’ అంటాడు, బ్యాంకు పాస్‌బుక్కులో లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఉపాధి హామీ కూలి ఆధార్ ద్వారా చెల్లించే పద్ధతిలో (2024 జనవరి 1 నుంచి అది అందరికీ తప్పనిసరి చేశారు) డబ్బు పోయేది మనిషి రాసిచ్చిన ఖాతా నంబరుకు కాదు, ఆమె ఆధార్‌తో చివరిసారి ఏ బ్యాంకు లింకయితే ఆ బ్యాంకుకు. బ్యాంకులు 26న సెలవు, 27 నాలుగో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. అందుకని ఫెలో ఆమెను పక్క ఊరి బ్యాంకు మిత్ర (ఊళ్లోనే వేలిముద్ర మిషన్‌తో బ్యాంకు పనులు చేసిపెట్టే ఏజెంటు) దగ్గరికి తీసుకెళ్లాడు. వేలిముద్ర మిషన్‌లో బ్యాంకు పేరు మార్చి మార్చి బ్యాలెన్సు చూశారు. మూడో పేరుకు తగిలింది. ఎప్పుడో సిమ్ కార్డు కొన్నప్పుడు తెరుచుకున్న ఖాతా, అలాంటిది ఉందని ఆమెకే తెలియదు. అందులో 2,400 చిల్లర ఉంది. అక్కడే తీసుకుంది.

మా బ్యాచ్‌కు అది పండుగ. గంటసేపు. ‘హైదరాబాద్ సార్లు పైసలు ఇప్పిచ్చిన్రు’ అని ఊరంతా పాకింది. మధ్యాహ్నానికి పంచాయతీ ఆఫీసు ముందు ముప్పై మందికి పైగా, అందరి చేతుల్లో కాగితాలు. పొద్దున పదిహేడు ఇళ్లు తిరిగి ‘మా చేతిలో లేదు’ అని చెప్పిందంతా ఒక్క దెబ్బతో తుడిచిపెట్టుకుపోయింది. మూడింటికి మా బండ్లు బయల్దేరాలి. ఇంకా పాతికేళ్లు నిండని పంచాయతీ సెక్రటరీ నా పక్కకొచ్చి మెల్లగా అంది: ‘మీరు పోతరు మేడం. రేపటి నుంచి వీళ్లంతా నా దగ్గరికే వస్తరు.’

నిజమే. ఈ ఊరు ఏ ఫెలో పోస్టింగూ కాదు. మాలో ఎవరూ మళ్లీ అక్కడికి రారు. అందుకే ఒక ఫెలోను, పని తెలిసిన మా ఫీల్డు మనిషిని సోమవారం దాకా ఆపి, బ్యాంకు లింకు చూసుకునే పద్ధతి వీఓఏకు, బ్యాంకు మిత్రకు నేర్పించి రమ్మన్నాను. అది ఎంతవరకు నిలిచిందో గొప్పలు చెప్పుకునేంత సమాచారం నా దగ్గర లేదు.

ఆ తర్వాత

నలభై నాలుగు ఫారాలనూ పక్కన పెట్టేశాం. దాతలకు పంపే నివేదికలో ఈ లెక్కలు పనికిరావని రాశాను. దానికి ఆఫీసులో నాకు అక్షింతలు పడ్డాయి. ఆరో రోజు సెషన్ ‘మరెందుకొచ్చిన్రు?’ అన్న ప్రశ్నతోనే మొదలైంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాని మీదే ఉన్నాం. ఇరవై ఇద్దరూ తలా ఒక జవాబు రాసి పైకి చదివారు. ఒక్కటీ ఆ మనిషి ముందు నిలబడి చెప్పగలిగేలా లేదు. చదివినవాళ్లకే అది తెలిసిపోయింది.

తర్వాతి బ్యాచ్‌కు చాలా మార్చాం. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డులు, ఇళ్ల జాబితాల మీద ఊరూరా గ్రామసభలు పెట్టారు. అది చూసి మా శిక్షణను ఫిబ్రవరి చివరికి జరిపాం. మా ఫీల్డు మనిషి ఏళ్లుగా ఉంటున్న ఊరినే ఎంచుకున్నాం, అడిగినవాళ్లకు రేపు కూడా దొరికే మనిషి ఒకరుండాలని. బ్యానర్లు లేవు, ఐడీ కార్డులు జేబుల్లో. ఆర్టీసీ బస్సు దిగి నడిచారు. ముందురోజు సాయంత్రం డప్పు చాటింపు వేయించాం: వస్తున్నది చదువుకునే పిల్లలు, ఏ స్కీముకూ సంబంధం లేదు, కాగితాలు ఇవ్వొద్దని. పగలు ఫారాలు లేవు, పొలాల్లో ఏ పని ఉంటే ఆ పనిలోకి దింపాం. ఊరి పటం రాత్రి ఏడింటికి, ఆడవాళ్లు ఇళ్లకు చేరాక, మూడు చోట్ల విడివిడిగా. మొదటి సాయంత్రం ప్రతి ఫెలో ఎవరినైనా ఒకరిని ‘నేనెవరిననుకుంటున్నారు?’ అని అడిగి, వచ్చిన జవాబును నోటుపుస్తకం మొదటి పేజీలో రాయాలి. చాటింపు వేసినా ‘ఎంక్వైరీ’ అన్నవాళ్లు ముగ్గురున్నారు. ‘ఇన్సూరెన్సోళ్లు’ అని ఇద్దరు. ఒకామె ‘ఏదో పార్టీ సర్వే’ అంది. ఆ పేజీ ముందు పెట్టుకుని తర్వాతి పేజీలు చదివితే చాలా విషయాలు వేరేగా కనబడతాయి.

ఇంకోటి కూడా నేర్పాం. ఎవరేమడిగినా మూడు జవాబుల్లో ఏదో ఒకటి: ఇది నాకు తెలుసు, ఇది కనుక్కుని ఫలానా రోజు చెబుతాను, ఇది నా చేతిలో లేదు. ‘చూస్తాను’ నిషేధం. రెండు రోజులు కేంద్రంలో జంటలు జంటలుగా కూర్చోబెట్టి రిహార్సల్ చేయించాను. గట్టిగా చేయించాను, పాత జిరాక్సుల కథ చెప్పి మరీ.

ఆ బ్యాచ్ ఊళ్లో దిగిన రెండో రోజు పొద్దున, బస్టాప్ దగ్గర సంకలో పిల్లాణ్ని ఎత్తుకుని ఉరుకుతూ వచ్చిన ఒకామె మా ఫెలోను అడిగింది: ‘తమ్మీ, మానుకోట బస్సు పోయిందా?’

వాడు అప్పుడే ఆ బస్సు వెళ్లడం చూశాడు. నిటారుగా నిలబడి, రెండు చేతులూ జోడించి అన్నాడు: ‘అది నా చేతిలో లేదమ్మా.’